‘కడుపునొప్పి’ అంటూ బడికి వెళ్లలేకపోతున్న పిల్లలకు భయం పోగొట్టడం ఎలా?

ఉదయం ఏడు నలభై. కింద ఆటో హారన్ కొడుతోంది. మావాడు ఒక కాలికి సాక్స్ వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని, సోఫా మూల ముడుచుకుని కూర్చున్నాడు. "కడుపునొప్పమ్మా" అన్నాడు. ముందురోజూ అదే మాట, అంతకుముందురోజూ అదే. అప్పుడు వాడు మూడో తరగతి. సంక్రాంతి సెలవులు అయిపోగానే మొదలైంది. మొదట బతిమాలాను, తర్వాత తిట్టాను, ఒకరోజు చెయ్యి కూడా చేసుకున్నాను. ఇంకోరోజు మావారు వాణ్ణి ఎత్తుకెళ్లి ఆటోలో కూర్చోబెట్టారు. ఆటో మద్దిలపాలెం దాటకముందే వాంతి చేసుకున్నాడని ఫోన్ వచ్చింది.

ఆ తర్వాత మాకు దారి దొరికింది. దొరికేలోపు పోయిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మీ ఇంట్లో ఇదే నడుస్తుంటే అన్ని రోజులు పోకూడదని ఇది రాస్తున్నాను.

బడికి వెళ్లడం మన దృష్టిలో ఒక్క పని. పిల్లలకు అది ఇరవై పనులు. ఆటో ఎక్కాలి, గేటు దగ్గర అమ్మ చెయ్యి వదలాలి, ప్రేయర్‌లో నిలబడాలి, హోంవర్క్ చూపించాలి, బాత్రూమ్‌కి వెళ్లొస్తానని అందరి ముందూ అడగాలి, లంచ్‌లో ఎవరి పక్కన కూర్చోవాలో వెతుక్కోవాలి. భయం చాలాసార్లు ఈ ఇరవైలో ఏ ఒకటో రెండో చోట్ల కూర్చుని ఉంటుంది. మనం అది చూడకుండా మొత్తం బడి గురించి కొట్లాడతాం. ఆ ఒక్కటీ ఏదో పట్టుకుంటే మిగతా పని సగం తేలికవుతుంది.

ముందు డాక్టరుకు చూపించండి

కడుపునొప్పి, తలనొప్పి అంటుంటే మొదట పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నులిపురుగులు, రక్తహీనత లాంటివి లేవని తేల్చుకోవాలి. కళ్లూ చెవులూ కూడా పరీక్ష చేయించండి. బోర్డు మీద అక్షరాలు కనపడక, టీచర్ చెప్పింది సరిగా వినపడక తిట్లు తింటున్న పిల్లలు ఉంటారు.

అన్నీ బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పాక "చూశావా, ఏమీ లేదట, అంతా నాటకం" అని మాత్రం అనకండి. నొప్పి నిజమే. భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, కడుపుకు వెళ్లే రక్తం తగ్గి కాళ్లూ చేతులకు వెళ్తుంది. అందుకే కడుపులో తిప్పుతుంది, వాంతి వస్తుంది, మాటిమాటికీ బాత్రూమ్ వస్తుంది. ఇంటర్వ్యూ రోజు పొద్దున మన పరిస్థితి గుర్తు చేసుకుంటే చాలు.

భయం వల్ల వచ్చే నొప్పికి ఒక పద్ధతి ఉంటుంది. శనివారం సాయంత్రం ఉండదు. ఆదివారం రాత్రి అన్నం దగ్గర మొదలవుతుంది. ఆటో వెళ్లిపోయిన అరగంటకు తగ్గిపోతుంది. ఇంట్లో చెప్పకుండా బడి ఎగ్గొట్టి బీచ్‌లో తిరిగే పిల్లాడి సంగతి వేరు. వాడు అమ్మానాన్నలకు తెలియకుండా జాగ్రత్తపడతాడు. భయపడే బిడ్డ మన కళ్లముందే, ఇంట్లోనే, ఏడుస్తూ ఉంటుంది. వెళ్లాలని చాలామందికి లోపల ఉంటుంది, కాళ్లు కదలవు.

ఒక వారం నోట్‌బుక్‌లో రాయండి

చిన్న పుస్తకం పెట్టుకుని రోజూ నాలుగు ముక్కలు రాయండి. ఆరోజు ఏ పీరియడ్లు ఉన్నాయి, నొప్పి ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి తగ్గింది, పక్కన ఎవరున్నారు. మంగళవారం, గురువారం ఎక్కువగా ఉంటే ఆ రెండురోజులకే ఉన్న డిక్టేషనో, పీటీనో, స్లిప్ టెస్టో బయటపడుతుంది. వెళ్లిన రోజున సాయంత్రం బ్యాగ్ కూడా చూడండి. లంచ్ బాక్స్ ఎంత మిగిలింది, పెన్సిల్ ఎన్ని ముక్కలైంది, వాటర్ బాటిల్ ఎంత ఖాళీ అయింది.

మాకు చెప్పింది ఆ బాటిలే. వెళ్లిన నాలుగైదు రోజులూ పొద్దున నింపిన బాటిల్ సాయంత్రం నిండుగా తిరిగొచ్చింది. మూత కూడా తీసినట్టు లేదు. వైజాగ్ ఉక్కలో, పొద్దున్నుంచి మూడున్నర దాకా, ఎనిమిదేళ్ల పిల్లాడు గుక్కెడు నీళ్లు తాగలేదు. ఇల్లు చేరగానే బ్యాగ్ విసిరేసి బాత్రూమ్‌లోకి పరుగెత్తేవాడు. అది ఆటలకు తొందర అనుకున్నాను.

నేరుగా అడగకండి, పక్కగా అడగండి

"ఎందుకు వెళ్లవు?" అంటే పిల్లలు "ఏమో" అంటారు. అది తప్పించుకునే మాట కాదు, నిజంగానే చెప్పలేరు. ఎదురుగా కూర్చోబెట్టి కళ్లలోకి చూస్తూ అడిగితే ఇంకా బిగుసుకుపోతారు. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, బఠానీలు ఒలుస్తున్నప్పుడు, రాత్రి లైటు తీసేశాక మాటలు వస్తాయి.

మేం ఒక ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో గట్టు మీద కూర్చున్నాం, ఇద్దరి మధ్యా మురీ మిక్చర్ పొట్లం. బడికి ఎందుకు వెళ్లవని కాదు, బడి ఎలా ఉంటుందో అడిగాను. మీ క్లాసు ఏ అంతస్తు, ఇంటర్వెల్‌లో ఎక్కడ ఆడతారు, బాత్రూమ్ ఎటువైపు. బాత్రూమ్ దగ్గరికి వచ్చేసరికి వాడి చెయ్యి పొట్లంలో ఆగిపోయింది. కాసేపటికి సముద్రం వైపు చూస్తూనే చెప్పాడు. "గడియ పడిపోయిందమ్మా. పిలిచినా ఎవరూ రాలేదు." సగం పీరియడ్ లోపలే ఉండిపోయాడు. ఆయమ్మ వచ్చి తలుపు తీసేసరికి బయట నలుగురు పిల్లలున్నారు, నవ్వారు. సెలవులకు ముందురోజు జరిగింది. పండగంతా వాడు ఆ గడియ మోసుకుని తిరిగాడు, మాకు తెలియలేదు.

మాటలు రాకపోతే బొమ్మ వేయించండి. గేటు నుంచి క్లాసు దాకా బడి మొత్తం గీయమని, బాగుండే చోట ఆకుపచ్చ, భయం వేసే చోట ఎరుపు వేయమనండి. కాస్త పెద్దపిల్లలైతే "ఈ చోట భయానికి పదికి ఎన్ని మార్కులు?" అని అడగండి. మార్కులంటే మన పిల్లలకు వెంటనే అర్థమవుతుంది! ఏది చెప్పినా "ఓస్, ఇంతేనా" అనకండి. ఆ ఒక్క మాటతో మళ్లీ నోరు తెరవరు.

మీ బిడ్డ భయం బాత్రూమ్ దగ్గర కాకపోవచ్చు. ఒకోసారి భయం బడిలో అసలుండదు, ఇంట్లో ఉంటుంది. "నేను లేనప్పుడు అమ్మకు ఏమైనా అయితే?" అన్నది దాని రూపం. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు, అమ్మ ఆసుపత్రిలో ఉండి వచ్చాక, నాన్న నెలల తరబడి ఓడ మీద ఉన్నప్పుడు, పెద్దవాళ్లు రోజూ గొడవపడుతున్నప్పుడు ఇది వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక మా వీధిలో ఒక పాప గాలి హోరు వింటే చాలు, తల్లి కొంగు వదిలేది కాదు.

బదిలీ మీద ఊరు మారిన పిల్లలకు ఇంకో బాధ. నేవీ, స్టీల్ ప్లాంట్ ఉన్న ఊరు కదా, నడి సంవత్సరంలో కొత్త బడిలో చేరేవాళ్లు ఇక్కడ ఉంటూనే ఉంటారు. శ్రీకాకుళం పల్లె నుంచి వచ్చి ఇంగ్లిష్ మీడియంలో చేరిన పిల్ల "ఏటి మిస్?" అన్నందుకు క్లాసంతా నవ్వితే, మర్నాటి నుంచి నోరు విప్పదు, ఆ తర్వాత బడికే రానంటుంది. ఆ యాస తప్పు కాదని, అది అమ్మమ్మా తాతా మాట్లాడే మంచి తెలుగని ఇంట్లో గట్టిగా చెప్పండి, క్లాసులో చెప్పమని టీచర్‌నీ అడగండి.

చదవడం, రాయడం దగ్గరే భయం కనిపిస్తే, తెలివైన బిడ్డే అక్షరాల దగ్గర తడబడుతుంటే, డిస్లెక్సియా లాంటిది ఉందేమో పరీక్ష చేయించండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అభ్యసన లోపాలను కూడా గుర్తించింది. అది బద్ధకం కాదు.

దెబ్బలు, వేధింపులు ఉంటే దారి వేరు

బిడ్డ చెప్పింది టీచర్ కొడుతున్నారని అయితే, ఆటోలో పెద్దపిల్లలు ఏడిపిస్తున్నారని అయితే, ఎవరో ఒంటి మీద చెయ్యి వేస్తున్నారని అయితే, ధైర్యం నేర్పి పంపే ఆలోచన పక్కన పెట్టండి. ముందు అది ఆగాలి. భయపడాల్సిన చోట భయపడుతున్న బిడ్డను అలవాటు చేసుకోమనడం అన్యాయం. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, ఒక కాపీ దగ్గర ఉంచుకోండి. సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. లైంగిక వేధింపు అయితే 2012 పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాలి. పరువు అని ఆగకండి. బిడ్డతో మొదట అనవలసిన మాట "చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేం లేదు" అన్నదే.

బడివాళ్లతో మాట్లాడండి, గేటు దగ్గర మాత్రం కాదు

పొద్దున గేటు దగ్గర, బెల్లు కొట్టే వేళ, పిల్ల ఏడుస్తుండగా మాట్లాడితే ఎవరికీ ఏమీ ఎక్కదు. ముందే అడిగి సాయంత్రం వెళ్లండి, నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి. మేం మొదటిసారి వెళ్లినప్పుడు "మీరు మరీ గారాబం చేస్తున్నారండీ" అన్నారు. కళ్లనీళ్లు తిరిగాయి, కానీ మళ్లీ వెళ్లాం. రెండోసారి క్లాస్ టీచర్‌ను విడిగా కలిశాం. ఆవిడ రెండు నిమిషాల్లో అర్థం చేసుకుంది.

అడిగేది చిన్నగా, స్పష్టంగా ఉండాలి. "మావాణ్ణి కాస్త చూసుకోండి" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. భయం వేసినప్పుడు వెళ్లి కూర్చోవడానికి ఒక మనిషి కావాలి. టీచర్ కావచ్చు, లైబ్రరీ మేడమ్ కావచ్చు, ఆయమ్మ కావచ్చు. ప్రేయర్ గుంపులో కాకుండా పది నిమిషాలు ముందే క్లాసులోకి వెళ్లనివ్వమనండి. అందరి ముందూ అడగకుండా బయటకు వెళ్లడానికి ఒక చిన్న కార్డు ఇవ్వమనండి. ఆగిపోయిన నోట్సు మొత్తం ఒకేసారి రాయమనకుండా ముఖ్యమైనవి చెప్పమనండి. అన్నిటికన్నా ముఖ్యం, తిరిగి వచ్చిన రోజున "ఏంటి, ఇన్నాళ్లకు గుర్తొచ్చామా?" అని ఎవరూ అనకూడదు. నవ్వుతూ అన్నా సరే, బిడ్డకు అది చెంపదెబ్బే. మా విషయంలో అడిగింది రెండే. ఆ గడియ బాగుచేయించడం, కొన్నాళ్లు ఆయమ్మ తలుపు బయట నిలబడడం.

మెట్లు కట్టండి

"కొన్నాళ్లు ఇంట్లో ఉండనివ్వండి, అదే సర్దుకుంటుంది" అని చాలామంది చెబుతారు. సర్దుకోదు. ఆటో వెళ్లిపోగానే బిడ్డకు ఎంత హాయి! ఆ హాయే చిక్కు. ఇంట్లో ఉంటేనే ప్రమాదం తప్పిందని మనసు నేర్చుకుంటుంది, మర్నాడు భయం ఇంకొంచెం పెరుగుతుంది. అలాగని ఈడ్చుకెళ్లి పడేస్తే మొదటి భయానికి ఇంకో భయం తోడవుతుంది. ఈ రెండింటి మధ్యా చిన్నచిన్న మెట్లు వేయాలి.

మెట్లు బిడ్డతో కలిసి రాయండి. అన్నిటికన్నా తక్కువ భయం కింద, ఎక్కువ భయం పైన. మేం రాసినది ఇలా ఉండేది. ఆదివారం బండి మీద బడి గేటు దాకా వెళ్లి పది నిమిషాలు నిలబడి రావడం. తర్వాత, బడి వదిలాక సాయంత్రం లోపలికి వెళ్లడం, గ్రౌండ్‌లో ఆడడం. ఆపైన ఆ బాత్రూమ్. మొదట తలుపు తెరిచే, నేను పక్కనే. తర్వాత తలుపు దగ్గరగా వేసి. తర్వాత గడియ పెట్టి, బయట నేను ఇరవై లెక్కపెడుతుంటే లోపల వాడే గడియ తీసుకోవడం. ఆ గడియ వాడు పదిసార్లు వేసి తీశాడు, ఆఖరికి ఆటలా చేశాడు. తర్వాత పొద్దున యూనిఫాంతో వెళ్లి వాడికిష్టమైన డ్రాయింగ్‌తో కలిపి రెండు పీరియడ్లు. తర్వాత లంచ్ దాకా. తర్వాత పూర్తి రోజు, నేనే దింపి నేనే తెచ్చుకుంటూ. చివరికి ఆటో. మాకు దాదాపు ఐదు వారాలు పట్టింది. మీకు వారమే పట్టవచ్చు, మూడు నెలలూ పట్టవచ్చు.

ఇందులో ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోవాలి. భయం పైకి లేచిన క్షణంలో అక్కడి నుంచి తీసుకొచ్చేయకండి. భయం అలలాంటిది, లేస్తుంది, విరుగుతుంది, వెనక్కి పోతుంది. పదికి ఎనిమిది ఉన్న భయం నాలుగుకు దిగేదాకా అక్కడే ఉండి, అప్పుడు ఇంటికి రండి. పారిపోకపోయినా భయం తగ్గుతుందని ఒంటికి తెలియాలి, అదే మందు. మెట్టు మరీ ఎత్తుగా ఉంటే రెండుగా చేయండి. ఒక మెట్టు రోజూ ఎక్కాలి, వారానికోసారి అయితే పని చేయదు. ఎక్కినప్పుడు మెచ్చుకోండి. బడికి వెళ్లినందుకు కాకుండా, భయం ఉన్నా వెళ్లినందుకు.

నెమ్మదిగా ఊపిరి వదలడం కూడా నేర్పండి. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. చిన్నపిల్లలకు సబ్బు బుడగలు ఊదించినా అదే. కానీ ఇది సాయంత్రం ప్రశాంతంగా ఉన్నప్పుడు నేర్పాలి, ఏడుస్తున్నప్పుడు నేర్పితే ఎక్కదు.

పొద్దున్న పూట

బ్యాగ్, యూనిఫాం, షూ రాత్రే సర్దేయండి. అరగంట ముందు లేపండి, హడావుడి భయాన్ని రెట్టింపు చేస్తుంది. "ఈరోజు వెళ్తావా?" అని అడగకండి, అడిగితే జవాబు మనకు తెలిసిందే. మేం చివరికి ఈ మాటల దగ్గర ఆగాం: "భయంగా ఉందని నాకు తెలుసు నాన్నా. అయినా ఈరోజు లంచ్ దాకా ఉందాం. పన్నెండున్నరకి నేను ఈ చెట్టు కిందే ఉంటాను." అన్న టైముకు అక్కడ ఉండి తీరాలి, ఐదు నిమిషాలు ఆలస్యమైనా చేసిందంతా పోతుంది. గేటు దగ్గర వీడ్కోలు చిన్నగా ఉండాలి. చూడకుండా జారుకోవడం మాత్రం వద్దు. మర్నాడు చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంటారు. అమ్మను వదలలేని బిడ్డయితే కొన్నాళ్లు నాన్నో పిన్నో దింపితే తేలికవుతుంది.

"పోలీసుకి పట్టిస్తా", "హాస్టల్లో పడేస్తా" అన్న మాటలు ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. అలాగే నానమ్మ "పోనీలే పాపం, ఈ ఒక్కరోజూ" అనకుండా ముందురాత్రే ఆవిడతో మాట్లాడుకోండి. మా అత్తయ్యగారు దిష్టి తీశారు, సంపత్ వినాయగర్ గుడికి తీసుకెళ్లారు. వాడికి ధైర్యంగా అనిపించింది, నేనూ కాదనలేదు. అక్కడితో ఆగకూడదు, అంతే.

వెళ్లలేని రోజున బడి వేళల్లో ఫోన్, టీవీ, కార్టూన్లు వద్దు. శిక్షలా కాదు, ఆ టైములో చదువు ఉంటుందన్నట్టుగా. టైమ్‌టేబుల్ ప్రకారం పుస్తకాలు, మూడున్నర తర్వాత ఆటలు.

ఎప్పుడు సాయం తీసుకోవాలి

రెండు వారాలు గడిచినా ఒక్క మెట్టూ ఎక్కలేకపోతే సైకాలజిస్టునో, పిల్లల మానసిక వైద్యుణ్ణో కలవండి. నిద్ర, తిండి తగ్గినా, ఇష్టమైన ఆటలు కూడా మానేసినా అన్ని రోజులు ఆగొద్దు. "చచ్చిపోతే బాగుండు" లాంటి మాట వస్తే ఆరోజే వెళ్లాలి, బిడ్డను ఒంటరిగా వదలకూడదు. తొమ్మిది, పది, ఇంటర్ చదివే పిల్లల్లో భయం కోపంలా కనిపిస్తుంది, గది తలుపు వేసుకుంటారు. వాళ్ల విషయంలో ఇంకా త్వరపడండి.

విశాఖలో కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) మానసిక వైద్య విభాగం ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. వాల్తేరు ఆసుపత్రి అనగానే మన ఊళ్లో వెక్కిరింపుగా మాట్లాడతారు. దయచేసి ఆ మాటలు పట్టించుకుని బిడ్డను ఆపకండి. బయటికి వెళ్లడం కష్టమైతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. చాలామంది పిల్లలకు కౌన్సెలింగ్ సరిపోతుంది. కొందరికి మందులు ఇస్తారు. వాటిని మనంతట మనం కొనకూడదు, మధ్యలో ఆపకూడదు.

మళ్లీ వస్తే

సెలవుల తర్వాత, జ్వరం వచ్చి తగ్గాక, జూన్‌లో బడులు తెరిచినప్పుడు భయం మళ్లీ తలెత్తుతుంది. దసరా, సంక్రాంతి సెలవుల ఆఖరి మూడు రోజులూ బడి టైముకే లేపండి, ఒకసారి అటువైపు తిప్పి తీసుకురండి, ఒక స్నేహితుణ్ణి ఇంటికి పిలవండి.

మావాడు నాలుగో తరగతిలో ఉండగా జులైలో వారం రోజులు జ్వరంతో పడుకున్నాడు. తగ్గిన మర్నాడు మళ్లీ "కడుపునొప్పమ్మా". ఈసారి తిట్టలేదు. గోడకు అంటించిన పాత మెట్ల కాగితం తీసి ఇద్దరం చూశాం. కింద నుంచి వద్దు, నాలుగో మెట్టు నుంచి చాలని వాడే చెప్పాడు. నాలుగు రోజుల్లో ఆటో ఎక్కాడు. ఆ శుక్రవారం సాయంత్రం బ్యాగ్ తీసి చూస్తే బాటిల్‌లో అడుగున రెండు గుక్కలే మిగిలాయి.